పొరుగువాని ఊపిరి



మనల్ని పుట్టించి, పోషించి, అడగకుండానే ప్రతి క్షణం ఊపిరిని ప్రసాదిస్తున్న అల్లాహ్‌కు అసంఖ్యాక కృతజ్ఞతలు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

గౌరవనీయులైన పెద్దలారా! ప్రియ సోదరులారా! పరదా వెనుక ఆసీనులైన తల్లులారా, సోదరీమణులారా!

ఈ రోజు నేను పొగను గురించి మాట్లాడదలచాను. మింబర్ మీద నుండి చెప్పవలసిన విషయమా ఇది, డాక్టర్లూ మున్సిపాలిటీ వారూ చూసుకోవలసినది కాదా అని మీలో కొందరు అనుకోవచ్చు. కిందటి చలికాలం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

మన మస్జిద్ వెనుక, ప్రహరీగోడకు బావికి నడుమ కొద్దిపాటి ఖాళీ స్థలం ఉన్నది. వేపచెట్టు రాల్చే ఆకులు, వుజూఖానా దగ్గర పోగయ్యే చెత్త, ఎవరైనా అఖీఖా విందు పెట్టినప్పుడు మిగిలే కాగితపు పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ అక్కడికే చేరేవి. ఫజ్ర్ అజాన్‌కు కాస్త ముందు వాటికి నిప్పు పెట్టడం ఏళ్ళ తరబడి సాగిన అలవాటు. ఇందులో ముఅజ్జిన్ సాహెబ్ తప్పేమీ లేదు. పగలు కాలిస్తే నమాజీలకు ఇబ్బంది, తెల్లవారుజామునైతే ఎవరూ ఉండరు అని ఆ వేళను నిర్ణయించినవాణ్ణి నేనే.

మొదటి సఫ్‌లో కుడివైపు చివర కూర్చునే ఒక పెద్దాయన మీకందరికీ గుర్తుండే ఉంటారు. లారీలు బాగుచేసే షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. చలి మొదలయ్యాక ఆయన ఫజ్ర్‌కు రావడం మానేశారు. జుహ్ర్‌కు వచ్చేవారు, అస్ర్‌కు వచ్చేవారు, ఫజ్ర్‌కు మాత్రం రారు. ఒక జుమా నాడు నేను చలికి జడిసి ఫజ్ర్ జమాఅత్‌ను వదిలేసేవారి గురించి కొంచెం కటువుగానే మాట్లాడాను. ఆయన నా ఎదుటనే కూర్చుని, తల వంచుకుని, అంతా విన్నారు.

ఆ తరువాత పది పన్నెండు రోజులకు, ఆరోగ్యం బాగా లేదని తెలిసి చూడటానికి వెళ్ళాను. మాటల మధ్య ఆయనే అన్నారు: “హజ్రత్, ఏమీ అనుకోవద్దు. నేను రోజూ బయలుదేరుతాను. మలుపు దాకా వచ్చేసరికి మస్జిద్ వైపు నుండి పొగ. ఇక అడుగు పడదు. ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని, దమ్ము కుదుటపడ్డాక వెనక్కి వెళ్ళిపోతాను.”

“మరి ఇన్ని రోజులుగా నాతో ఒక్క మాట అనలేదేం చాచా?”

“అల్లాహ్ ఇంటి మీద ఫిర్యాదు చెప్పడానికి నోరు రాలేదు హజ్రత్.”

మరునాటి నుండి మన మస్జిద్ వెనుక నిప్పు వెలగలేదు. ఆయన మళ్ళీ ఫజ్ర్‌కు వచ్చారు. కానీ నెలన్నర తిరగకముందే గుండెపోటుతో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మేము కాల్చిన పొగే ఆయన ప్రాణం తీసిందని నేను అనడం లేదు. డాక్టర్లూ ఆ మాట అనలేదు. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది. అయితే జనాజా నమాజు చేయించి ఇంటికి వచ్చిన రాత్రి ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన జబ్బు ఊపిరితిత్తులది, పోయింది గుండెతో. ఈ రెండింటికీ సంబంధమేమిటి? మన మధ్యనే నమాజు చేసే ఒక డాక్టరు గారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. నాకు అర్థమైన మేరకు మీకు చెబుతాను.

సోదరులారా! మనం రోజుకు సుమారు 20 వేల సార్లు ఊపిరి పీలుస్తాము. ఆ విధంగా 10 వేల లీటర్లకు పైగా గాలి మన లోపలికి వెళ్ళి వస్తుంది. ఊపిరితిత్తుల లోపల శ్వాసనాళం చెట్టు కొమ్మల వలె చీలుతూ చీలుతూ పోయి, చివరకు కోట్లాది చిన్న చిన్న గాలి సంచులలో ముగుస్తుంది. వాటిని వాయుగోణులంటారు. వాటన్నింటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్ల చోటు పడుతుంది. ఈ మన లోపలి గదిలోని నాలుగు సఫ్‌లు ఎంత మేర ఉన్నాయో చూడండి, ఇంచుమించు అంత. అంతటి విశాలమైన పొరను అల్లాహ్ మన రొమ్ములో మడిచి పెట్టాడు. దాని ఒక వైపున గాలి, మరొక వైపున రక్తం. నడుమ ఉన్న తెర మన కంటికి ఆనేంత మందం కూడా కలిగినది కాదు.

బయటి నుండి వచ్చే పెద్ద ధూళిని ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు ఆపివేస్తాయి. మనం దగ్గి, చీది దానిని బయటకు పంపుతాము. కానీ పొగలో ఉండే సూక్ష్మమైన నలుసుల సంగతి వేరు. డాక్టర్లు, ప్రభుత్వం వారు పి.ఎం. 2.5 అంటూ ఉంటారే, అవి తల వెంట్రుక మందంలో పాతికవ వంతు కూడా ఉండవు. వాటిని ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు. అవి నేరుగా గాలి సంచుల దాకా వెళ్ళి అక్కడ వాపు పుట్టిస్తాయి. వాటిలోనూ మరీ చిన్నవి ఆ పలుచని తెరను కూడా దాటి రక్తంలో కలుస్తాయి. రక్తంలోకి ప్రవేశించిన తరువాత ఇక అది ఊపిరితిత్తుల జబ్బు మాత్రమే కాదు. రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి, రక్తపు పోటు పెరుగుతుంది, రక్తం త్వరగా గడ్డకడుతుంది. గుండెకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడితే గుండెపోటు. మెదడుకు పోయే నాళంలో అడ్డుపడితే పక్షవాతం. దీనికి తోడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన పీట మీద అది కూర్చుంటుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అప్పటికే అలసిన గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి విన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను. ఇళ్ళలోని పొయ్యిల పొగ మూలంగా 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారు. వారిలో అత్యధికులు దగ్గుతోనో ఆయాసంతోనో పోయి ఉంటారని మనం అనుకుంటాము. కాదు. నూటికి 32 మంది గుండె నాళాల జబ్బుతో, 23 మంది పక్షవాతంతో పోయారు. అంటే సగానికి మించి! పొగ ముక్కులో నుండి వెళుతుంది, దెబ్బ గుండె మీద పడుతుంది.

గుండెకు, ఊపిరితిత్తులకు గల ఈ బంధాన్ని లోకానికి మొదట సరిగా వివరించినవాడు మన పూర్వీకులలోని ఒక ఫఖీహ్, వైద్యుడు. ఆయన పేరు ఇబ్నె నఫీస్ (రహ్మ). దమాస్కస్‌లో చదువుకుని, కైరోలో వైద్యం చేసి, 1288లో మరణించారు. గుండె కుడి గది నుండి ఎడమ గదికి నడుమ గోడలోని రంధ్రాల గుండా రక్తం పోతుందని గ్రీకుల కాలం నుండి నమ్ముతూ వచ్చారు. ఆ గోడలో రంధ్రాలు లేవని, రక్తం కుడి గది నుండి ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, ఆ తరువాతనే ఎడమ గదికి చేరుతుందని ఆయన వ్రాశారు. మన వారి గొప్పను చాటుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏడు వందల ఏళ్ళ క్రితమే మన గ్రంథంలో ఉన్న విషయాన్ని, మస్జిద్ వెనుక చెత్తకు నిప్పు పెట్టించిన నాబోటి మౌల్వీ ఎరగలేదని చెప్పుకోవడానికి చెబుతున్నాను.

భాష కూడా మనకు ఈ సంగతి చెబుతూనే ఉన్నది. అరబీలో ప్రాణాన్ని నఫ్స్ అంటారు, శ్వాసను నఫస్ అంటారు. రెండింటి ధాతువు ఒక్కటే. ఉర్దూలో దమ్ అంటే ఊపిరి, దమా అంటే ఉబ్బసం. తెలుగులోకి వచ్చేసరికి దమ్ము అంటే ధైర్యమూ అయింది, ఆయాసమూ అయింది, సిగరెట్టు పీల్చడమూ అయింది! సూరె తక్వీర్‌లో అల్లాహ్ ఉషోదయాన్ని సాక్షిగా పేర్కొంటూ, ఆ ఉదయం శ్వాసించడాన్ని గురించి ప్రస్తావించాడు. ఉదయం ఊపిరి తీసుకునే ఆ ఘడియలోనే కదా మేము నిప్పు పెట్టింది! పైగా చలికాలపు తెల్లవారుజామున చల్లని గాలి బరువుగా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పొగను పైకి పోనివ్వదు. పగలు చెదిరిపోయే పొగ ఆ వేళ వీధిలోనే, మనిషి ముక్కు ఎత్తులోనే పరుచుకుంటుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదని నేను ఎంచుకున్న వేళ, ఇబ్బంది అన్నింటికంటే ఎక్కువగా ఉండే వేళ.

ఇప్పుడు షరీఅత్ విషయానికి వస్తాను.

మన ధర్మంలో హక్కులు రెండు విధాలు. హుఖూఖుల్లాహ్, అంటే అల్లాహ్ హక్కులు. హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు. మొదటి వాటిలో లోపం జరిగితే తౌబా చేసిన దాసుణ్ణి అల్లాహ్ తన కారుణ్యంతో క్షమిస్తాడని ఆశించవచ్చు. రెండవ వాటిలో లోపం జరిగితే ఎవరి హక్కు పోయిందో వారు క్షమించాలి. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ మోసుకుని వచ్చి కూడా దివాలా తీసే మనిషిని గురించి దైవప్రవక్త (స) వివరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. అతను ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. బాధితులు వరుసగా వచ్చి అతని పుణ్యాలను పట్టుకుపోతారు. అవి చాలకపోతే వారి పాపాలు ఇతని మెడకు చుట్టబడతాయి. ఆ వరుసలో పొగకు దగ్గుతూ వచ్చేవాడు కూడా ఉంటాడా? నేను ఉంటాడనే భయపడుతున్నాను. సూరె అహ్జాబ్ 58వ ఆయతులో, ఏ తప్పూ చేయని విశ్వాసులను బాధించేవారు స్పష్టమైన పాపభారాన్ని మోస్తారని హెచ్చరిక ఉన్నది. బాధ అనేది నోటితోనో చేతితోనో మాత్రమే పెట్టేది కాదు.

వెల్లుల్లి, ఉల్లి పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని మహాప్రవక్త (స) నివారించారు. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని కారణం కూడా తెలిపారు. హలాల్ అయిన కూరగాయ వాసన విషయంలోనే ఇంతటి జాగ్రత్త! ప్రజలు నడిచే దారిలో, వారు విశ్రమించే నీడలో మలవిసర్జన చేయడం శాపాలను కొనితెచ్చుకునే పనిగా ఆయన పేర్కొన్నారు. దారి ఏ ఒక్కరిదీ కాదు, నీడ ఏ ఒక్కరిదీ కాదు. గాలి కూడా అటువంటిదే. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ముస్లింలందరూ భాగస్వాములని అబూ దావూద్‌లోని హదీసు తెలుపుతుంది. గాలి పేరు అందులో లేకపోవడానికి కారణం, దానిని ఒకడు సొంతం చేసుకోగలడని గానీ పాడుచేయగలడని గానీ ఆ కాలంలో ఎవరి ఊహకూ రాకపోవడమేనని నాకు తోస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

వంట వాసనతో పొరుగువాణ్ణి బాధించవద్దని, ఆ వంటలో కొంత అతనికీ ఇవ్వమని ఒక ఉల్లేఖనం ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. దాని సనద్ బలహీనమని ముహద్దిసులు తేల్చారు కనుక నేను దానిని ఆధారంగా తీసుకోను. తీసుకోవలసిన అవసరం కూడా లేదు. పొరుగువాడు ఎవరి కీడు నుండి నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాడని ప్రవక్త (స) అల్లాహ్‌పై ప్రమాణం చేసి మరీ అన్న హదీసు బుఖారీలో ఉన్నది. అది చాలు.

ఫుఖహాలు ఈ విషయాన్ని గాలికి వదిలేయలేదు. తన సొంత స్థలమే అయినా సరే, ఇళ్ళ నడుమ హమ్మామ్ కట్టడానికి, అత్తరు దుకాణాల మధ్య రొట్టెల కొలిమి పెట్టడానికి హక్కు లేదని ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మ) తన అల్ ముగ్నీలో వ్రాశారు. మాలికీ పండితులు కొలిముల పొగను ప్రత్యేకంగా పేర్కొని నివారించారు. ఉస్మానీ ఖిలాఫత్ కాలంలో హనఫీ ఫిఖ్హ్‌ను అనుసరించి కూర్చిన మజల్లా అనే న్యాయ సంహితలో 1200వ అధికరణం ఇదే. రొట్టెల బట్టీ పొగ వల్ల, గానుగ వాసన వల్ల పక్క ఇంటివారు నివసించలేని స్థితి వస్తే, ఆ హానిని ఏ విధంగానైనా తొలగించవలసిందేనని దాని తీర్పు. “నా స్థలం, నా పొయ్యి, నా ఇష్టం” అనే వాదనకు మన ఫిఖ్హ్‌లో చోటు లేదు సోదరులారా.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాయి. గ్యాసు పొయ్యి లేని ఇల్లు ఇప్పుడు మన మొహల్లాలలో అరుదు. అయినా పెరట్లో నీళ్ళ కాగు కింద పొయ్యి మండుతూనే ఉన్నది. అందులో కట్టె ఒక్కటే కాదు, పాత చెప్పు, పాల కవరు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ముక్క, రంగు వేసిన చెక్క అన్నీ పడుతున్నాయి. ఆ పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? మన తల్లి, మన భార్య, మన కోడలు. ఆమె ఒడిలో పసివాడు. పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరిగే దశలో ఉంటాయి. పెద్దవారికంటే వేగంగా శ్వాసిస్తారు. మస్జిద్‌లో మొదటి సఫ్ కోసం పోటీపడే మనం, ఇంటికి వెళ్ళి వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయా అని అడుగుతామే తప్ప, అవి ఎవరి ఊపిరితో కాగాయని అడగము.

దోమల చుట్టను కూడా చెప్పాలి. తలుపులు, కిటికీలు బిగించి, మంచం కింద చుట్ట వెలిగించి పడుకుంటున్నాము. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుండి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. సిగరెట్టు ముట్టని ఇంట్లో ఇది జరుగుతున్నది! మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించేముందు దానిని ఆర్పివేయాలని ప్రవక్త (స) ఆదేశించారు. దోమతెర కట్టుకోండి, నిప్పును ఆర్పి పడుకోండి.

ఊదు, లోబాన్ సంగతేమిటని ఒక యువకుడు నన్ను అడిగాడు. సహాబాల కాలం నుండి మస్జిద్‌లలో సుగంధ ధూపం వేయడం ఉన్నది. ప్రవక్త (స) మస్జిద్‌లో ధూపం వేసే సేవ వల్లనే నుఐమ్ అనే హదీసు ఉల్లేఖకునికి అల్ ముజ్మిర్ అన్న బిరుదు వచ్చింది. కనుక దానిని తప్పనే సాహసం నేను చేయను. అయితే ఆ మస్జిద్ ప్రాంగణం ఆకాశం కిందనే విప్పారి ఉండేది. మనం ఏ.సి. కోసం మూసిన గదిలో, నూరు మంది కూర్చుని ఉండగా వేస్తున్నాము. ఇకపై మన దగ్గర జుమాకు గంట ముందు వేసి, కిటికీలు తెరిచి, పొగ పోయి పరిమళం మిగిలాక తలుపులు మూస్తాము.

షబె బరాత్ నాటి బాణసంచా, పెళ్ళి ఊరేగింపుల ఆతిష్‌బాజీ గురించి ఎన్ని సార్లు చెప్పాను! అది ఇస్రాఫ్ అని, దుబారా చేసేవారిని ఖుర్ఆన్ షైతాను సోదరులన్నదని చెబుతూ వచ్చాను. ఇప్పుడు దానికి ఒక వాక్యం చేరుస్తున్నాను. ఆ వీధిలో ఉబ్బసం ఉన్న ఒక్క మనిషి ఉన్నా, అది ఇస్రాఫ్‌తో ఆగదు, దాసుని హక్కును కాలరాయడం అవుతుంది.

జీవనోపాధి విషయంలో మాత్రం నేను తొందరపడి ఏమీ అనలేను. ఎందుకంటే నేను దూదేకుల ఇంట పుట్టినవాణ్ణి. మా నాన్నగారు విల్లు పట్టి దూది ఏకి, పరుపులు కుట్టి నన్ను మదరసాలో చదివించారు. పని జరిగే గదిలో నూగు మంచులా తేలుతూ ఉండేది. శుక్రవారం పని ఉండేది కాదు, ఆ ఒక్క రోజు ఆయన హాయిగా ఉండేవారు. శనివారం మళ్ళీ విల్లు పట్టగానే ఛాతీ బిగబట్టేది. పని చేయడానికి బద్ధకమని మా అమ్మ నవ్వేది, ఆయనా నవ్వేవారు. పత్తి ధూళి వల్ల వచ్చే జబ్బుకు ఇదే గుర్తు, సెలవు తరువాతి మొదటి పనిదినాన ఛాతీ బిగుసుకుంటుందని ఈ మధ్యనే డాక్టరు గారు చెప్పారు. పుస్తకాలలో దానిని సోమవారపు జబ్బు అంటారట. మా ఇంట్లో అది శనివారపు జబ్బు. ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకు నాకు అది జబ్బని తెలిసింది.

కాబట్టి బట్టీ దగ్గర, గ్యారేజీలో, వెల్డింగు దుకాణంలో, రంజాన్ మాసమంతా హలీమ్ బట్టీ ముందు నిలబడి గరిట తిప్పే సోదరునితో పని మానుకోమని నేను అనను. అతని యజమానితో అంటాను. పొగ పైకి పోయే గొట్టం పెట్టించు, గాలి ఆడే చోట పని చేయించు, మంచి మాస్కు కొనిపెట్టు. కూలివాని చెమట ఆరకముందే వేతనం ఇవ్వడం ఎంత హక్కో, అతని ఊపిరి నిలబడేలా చూడటం అంత హక్కు. పాత ఇనుము వ్యాపారం చేసే సోదరులతో ఒక మాట. రాగి కోసం కరెంటు తీగలను కాల్చకండి. ఆ పొగ మామూలు పొగ కాదు, క్యాన్సర్ కలిగించే విషాలు అందులో ఉంటాయి. తొక్క ఒలిచిన రాగికి కాల్చిన రాగి కంటే మంచి ధరే వస్తుందని మీలోని వారే నాతో అన్నారు. బహిరంగంగా చెత్త కాల్చితే 5 వేల రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25 వేల రూపాయలు జరిమానా అని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. జరిమానా భయంతో మానుకున్నా మంచిదే.

“లారీలు, ఫ్యాక్టరీలు వదిలే పొగ ముందు మా పొయ్యి ఎంత మౌలానా?” అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. వారి బాధ్యత పెద్దది, వారిని అడగవలసిందే. గాలి నాణ్యత బాగుచేయాలని 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో మన గుంటూరు, విజయవాడ, నెల్లూరు, కర్నూలు, విశాఖ, అటు హైదరాబాద్, నల్గొండ పేర్లున్నాయి. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో సూక్ష్మధూళి 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మన దేశపు ప్రమాణమే 40 వద్ద ఉన్నది. ఈ విషయమై అధికారులకు అర్జీ పెట్టడం, కౌన్సిలర్‌ను నిలదీయడం కూడా మన దీనీ బాధ్యతలో భాగమే. కానీ 1952 డిసెంబరులో లండన్ నగరంలో జరిగినది చూడండి. 5వ తేదీ నుండి 9వ తేదీ దాకా గాలి కదలక, పొగమంచు నగరాన్ని కప్పేసింది. వేల మంది మరణించారు. మొదట 4 వేలన్నారు, తరువాతి పరిశోధకులు 12 వేల దాకా అంచనా కట్టారు. ఆ పొగలో కర్మాగారాల వాటా ఉన్నది, అయితే చలి కాచుకోవడానికి ప్రతి ఇంట్లో వెలిగించిన బొగ్గు పొయ్యి వాటా కూడా తక్కువేమీ కాదు. ఎవరి పొయ్యి వారికి చిన్నదే. 1956లో వారు చట్టం చేసినప్పుడు కర్మాగారంతో పాటు ఇంటి పొయ్యిని కూడా అందులో చేర్చారు.

బుఖారీలోని ఓడ హదీసు మీరు ఎన్నోసార్లు విన్నారు. కింది అంతస్తువారు నీళ్ళ కోసం తమ భాగంలో చిల్లు పెట్టుకుంటామన్నారు. పైవారిని ఇబ్బంది పెట్టకూడదన్న సదుద్దేశంతోనే అన్నారు! వారిని ఆపితే అందరూ బ్రతుకుతారు, వదిలేస్తే అందరూ మునుగుతారు. నేను తెల్లవారుజామున నిప్పు పెట్టించినది కూడా నమాజీలను ఇబ్బంది పెట్టకూడదన్న సదుద్దేశంతోనే.

జబ్బుతో ఉన్న సోదరులకు రెండు మాటలు. మెట్లెక్కితే ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే ఛాతీ నొప్పి, నెల దాటినా తగ్గని దగ్గు ఉంటే గ్యాసు అని సోడా తాగి పడుకోకండి, వైద్యునికి చూపించుకోండి. ఛాతీ నొప్పి చెమటతో వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. పొగమంచు దట్టంగా ఉన్న ఉదయాన ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ఇంటనే నమాజు చేసుకోవచ్చు, వ్యాధిగ్రస్తునికి జమాఅత్ నుండి మినహాయింపు ఉన్నది. రంజాన్‌లో ఇన్‌హేలర్ గురించి ప్రతి ఏటా అడుగుతారు. మన హనఫీ ఉలమాలలో అత్యధికులు దానివల్ల ఉపవాసం భంగమవుతుందని, తరువాత ఖజా చేసుకోవాలని అంటారు. అరబ్బు ఉలమాలలో అనేకులు భంగం కాదంటారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అనుసరించండి. కానీ ఉపవాసం పోతుందని ఊపిరాడకుండా కూర్చోకండి. రోగికి సడలింపు ఇచ్చినవాడు అల్లాహ్.

ఆ పెద్దాయన ఇద్దరు కుమారులు ఇక్కడే కూర్చుని ఉన్నారు. వారి అనుమతి తీసుకునే ఈ ప్రస్తావన చేశాను. నలభై రోజుల తరువాత వారి ఇంటికి వెళ్ళి, మీ నాన్నగారి పట్ల నా వల్ల తప్పు జరిగింది, క్షమించమని అడిగాను. చిన్న కుమారుడు నా చేతులు పట్టుకుని కన్నీరు పెట్టుకున్నాడు. పెద్ద కుమారుడు కొంతసేపు మౌనంగా ఉండి, “అబ్బా మీ మీద కోపం పెట్టుకోలేదు హజ్రత్” అన్నాడు. కోపం పెట్టుకోకపోవడం, హక్కును వదులుకోవడం ఒక్కటేనా? ఆయన బ్రతికి ఉండగా, ఆ రోజు ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు, క్షమించానని ఒక్క మాట అనిపించుకుని ఉంటే సరిపోయేది. నిప్పు ఆపించాలన్న ఆలోచన వచ్చింది గానీ ఆ మాట అడగాలని తోచలేదు. హక్కుదారు మరణిస్తే అతని కొరకు దుఆ చేయాలని, అతని పక్షాన దానం చేయాలని ఉలమాలు చెప్పారు. చేస్తున్నాను. అంతకు మించిన నిశ్చయం నాకు లేదు.

మీలో ఎవరి పొరుగున దగ్గే మనిషి ఉన్నారో మీకే తెలుసు. అసర్‌కు ముందు వెళ్ళి, మా ఇంటి పొగ మీ దాకా వస్తున్నదా అని అడగండి. ముస్లిమా హిందువా క్రైస్తవుడా అని చూడకండి, పొరుగువాని హక్కు అందరికీ ఉన్నది.

ప్రకటన: రేపు శనివారం నుండి మస్జిద్ వెనుక స్థలంలో ఆకులను గుంటలో వేసి ఎరువు చేస్తాము. ప్లాస్టిక్, కాగితం వేరు చేసి మున్సిపాలిటీ బండికి ఇస్తాము. విందు పెట్టేవారు దయచేసి ఒకసారి వాడి పారేసే గ్లాసులు తేవద్దు, మస్జిద్‌లో స్టీలు గ్లాసులు రెండు వందలు ఉన్నాయి. గుంట తవ్వడానికి నలుగురు యువకులు కావాలి, అస్ర్ తరువాత ముఅజ్జిన్ సాహెబ్‌ను కలవండి.

యా అల్లాహ్! మా సోదరుని సమాధిని విశాలపరచు, అందులోకి స్వర్గపు గాలిని ప్రసరింపజేయి. ఆయన పట్ల మేము చేసిన లోపానికి ఆయనను నీ వద్ద నుండి సంతృప్తిపరచు. మాలో ఊపిరాడని వారికి, గుండె బలహీనపడిన వారికి స్వస్థత ప్రసాదించు. పొయ్యిల ముందు, బట్టీల ముందు మా కోసం కాలిపోతున్న వారిపై దయచూపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.